పాస్‌వర్డ్ దగ్గర తెలుగు, దరఖాస్తు దగ్గర ఇంగ్లీషు

ప్రశ్న: అమలాపురంలో నాకు డీటీపీ దుకాణం ఉంది. వెనక గదిలో పిల్లలకు టైపింగు నేర్పుతాను. రెండింటికీ కలిపి 14 కంప్యూటర్లు. పోయిన నెలలో అన్నింటిలోనూ డెబియన్ 12 అనే లైనక్స్ వ్యవస్థ వేశాను. ఒక్కొక్కదాని ముందు కూర్చొని అడిగిన ప్రశ్నకల్లా జవాబు చెప్పే ఓపిక లేక, జవాబులన్నీ ప్రీసీడ్ ఫైలులో రాసి, గదిలోని మరో కంప్యూటరు నుంచి నెట్‌వర్కు మీదుగా అందించాను. కీబోర్డు తెలుగు అని అందులో స్పష్టంగానే రాశాను. ఇన్‌స్టాలేషను ఏమీ అడగకుండా పూర్తయింది గానీ, ఏ కంప్యూటరులో చూసినా అమెరికన్ ఇంగ్లీషు తప్ప తెలుగు లేదు. తరువాత కీబోర్డు ఫైలును చేత్తో మార్చాను. మూడింటిలో లేఅవుట్ (అమరిక) ‘ఇన్’ అనీ, వేరియంట్ (అందులోని రకం) ‘టెల్’ అనీ రాసి రీబూట్ చేస్తే లాగిన్ తెర పాస్‌వర్డును ఒప్పుకోవడం లేదు. కన్ను గుర్తు నొక్కి చూస్తే తెలుగు అక్షరాలు పడుతున్నాయి. ఇంకొకదానిలో ఇంగ్లీషు, తెలుగు రెండూ రాశాను, అక్కడ తెలుగు రానేలేదు. నేను రోజూ వాడే కంప్యూటరులో ఫైలును మా అబ్బాయి సరిచేశాడు. లాగిన్ తెరమీద రెండు భాషలూ కనిపిస్తున్నాయి, లోపలికి వెళ్తే మాత్రం ఇంగ్లీషే. పైగా మా ఆపరేటరు చేయి ‘అను’ అనే తెలుగు డీటీపీ సాధనంలోని యాపిల్ అనే కీబోర్డు అమరికకు అలవాటు పడింది. అన్నీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయవలసిందేనా?

సమాధానం: ఒక్కదానిని కూడా మళ్లీ ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు. మీరు రాసినవి ఒకే జబ్బు లక్షణాల్లా కనిపిస్తున్నా నిజానికి అవి నాలుగు వేర్వేరు విషయాలు; వాటిని విడదీసి చూస్తే ఒక్కొక్కటీ కొద్ది నిమిషాల పని. ఫైళ్ల పేర్లను, ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను గనుక, మీరు యంత్రంలో కొట్టేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాలలోకి మార్చుకోండి. యూఎస్ అంటే యు, ఎస్ అనే రెండు అక్షరాలు. ఇన్ అంటే ఐ, ఎన్. టెల్ అంటే టి, ఇ, ఎల్. ఈ మూడూ చిన్న అక్షరాలే.

ముందుగా తలుపు మూసుకుపోయిన ఆ మూడు కంప్యూటర్ల సంగతి చూద్దాం. అక్కడ పాస్‌వర్డు మారలేదు, పాడవలేదు. మీ వేళ్లు కొడుతున్నది మారింది. ‘టెల్’ అనే వేరియంటు ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక అమరిక. అందులో ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడిచేతి వైపు హల్లులు ఉంటాయి. ఉదాహరణకు ఎవరైనా తమ పాస్‌వర్డును అడ్మిన్ అనే ఇంగ్లీషు మాటతో మొదలుపెట్టుకున్నారనుకోండి. ఇన్‌స్క్రిప్టులో ‘ఎ’ మీట ఓత్వం, ‘డి’ మీట పొల్లు, ‘ఎం’ మీట స, ‘ఐ’ మీట గ, ‘ఎన్’ మీట ల. అంటే యంత్రానికి అందేది ఓత్వంతో మొదలై పొల్లుతో తగిలి ‘సగల’ అని ముగిసే ఒక వింత గుంపు. చుక్కల వెనక దాగి ఉంటుంది కాబట్టి మామూలుగా ఇది ఎవరికీ తెలియదు. మీరు కన్ను గుర్తు నొక్కి చూడడం వల్ల సగం రోగనిర్ణయం మీరే చేసి పంపారు.

లోపలికి వెళ్లడానికి రెండు దారులున్నాయి. ప్రీసీడ్‌లో ఎస్ఎస్‌హెచ్ (నెట్‌వర్కు మీదుగా మరో కంప్యూటరులోకి లాగిన్ అయ్యే సాధనం) సర్వరును కూడా ఎంచుకొని ఉంటే, ఇంగ్లీషు పనిచేస్తున్న పక్క కంప్యూటరు నుంచి ఎస్ఎస్‌హెచ్ ద్వారా ఈ మూడింటిలోకి వెళ్లండి. మీటను అక్షరంగా మార్చే పని మీరు కూర్చున్న కంప్యూటరులోనే జరిగిపోయి అవతలికి తయారైన అక్షరమే వెళ్తుంది గనుక, అవతలి యంత్రపు కీబోర్డు అమరిక ఏదైనా మీకు అడ్డురాదు. ఎస్ఎస్‌హెచ్ లేకపోతే, డెబియన్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో ఆ కంప్యూటరును బూట్ చేసి, లోపలి డిస్కును మౌంట్ చేసి, ఈటీసీ డైరెక్టరీలోని డిఫాల్ట్ అనే ఫోల్డరులో ఉన్న కీబోర్డ్ అనే ఫైలును సరిచేసి, పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ బూట్ చేయండి. లైవ్ వ్యవస్థకు కూడా తనదైన ఈటీసీ డైరెక్టరీ ఉంటుంది; పొరపాటున దానిలోని ఫైలును మార్చి, డిస్కులోని దానిని మార్చాననుకొనే ప్రమాదం ఉంది కాబట్టి, మౌంట్ చేసిన చోటు పేరుతో మొదలయ్యే దారినే వాడండి. ఆ ఫైలులో ఏమి రాయాలో కింద చెబుతాను.

ఇక అసలు విషయం. కీబోర్డు అమరిక అనేది కంప్యూటరులో ఒకేచోట ఉండే మీట కాదు. మీకు కాలువల సంగతి నేను చెప్పనవసరం లేదు. ధవళేశ్వరం దగ్గర తలుపులెత్తితే మధ్య డెల్టా ప్రధాన కాలువలోకి నీరు వస్తుంది. కానీ పంట కాలువ మీది లాకు వేసి ఉన్నా, మీ చేను బోదెకు తూము మూసి ఉన్నా ఆ నీరు మీ మడి వరకు రాదు. కీబోర్డు విషయంలో ఇన్‌స్టాలర్ ధవళేశ్వరం వంటిది. అది తనకు తెలిసిన అమరికను ఈటీసీలోని కీబోర్డ్ ఫైలులో రాసి తప్పుకుంటుంది. నల్లతెర కన్సోలు, లాగిన్ తెర ఆ ఫైలును చదువుతాయి. లాగిన్ తరువాత కనిపించే గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో మాత్రం ప్రతి వాడుకరికీ సొంత తూము ఉంది. ఒక వాడుకరి మొదటిసారి లోపలికి వచ్చినప్పుడు అది పైనున్న అమరికను చూసి తన సొంత చిట్టాలో రాసుకుంటుంది, ఆ తరువాత పైన ఎన్ని మార్పులు చేసినా పట్టించుకోదు. వీటన్నింటి తరువాత ఐబస్ అనే టైపింగు సాధనం మరో మెట్టు. ఏ మెట్టు దగ్గర ఆగిందో చూసి అక్కడే సరిచేయాలి తప్ప, కింద నీరు రాలేదని పైన మళ్లీ తలుపులెత్తడం, అంటే మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, వృథా శ్రమ.

మీ ప్రీసీడ్ ఫైలులో తెలుగు అని రాసినా ఎందుకు రాలేదు? ఫైలు తప్పు కాదు, అది అందిన వేళ తప్పు. డెబియన్ ఇన్‌స్టాలర్ భాష, ప్రాంతం, కీబోర్డు గురించిన ప్రశ్నలను అన్నింటికంటే ముందు తేల్చుకుంటుంది. నెట్‌వర్కు మీదుగా ఫైలు తెచ్చుకోవాలంటే నెట్‌వర్కు కార్డును గుర్తించి, చిరునామా సంపాదించుకోవాలి. అది జరిగేది ఆ ప్రశ్నల తరువాత. అంటే మీ జవాబుపత్రం పరీక్ష మొదటి భాగం అయిపోయాక హాలులోకి వచ్చింది. ప్రశ్నల ప్రాధాన్యాన్ని ‘క్రిటికల్’కు పెంచి ఉంటారు కాబట్టి, ఇన్‌స్టాలర్ మిమ్మల్ని అడగకుండా తన అలవాటు ప్రకారం అమెరికన్ ఇంగ్లీషు అని రాసుకొని ముందుకు పోయింది. దీనికి మందు బూట్ పంక్తిలోనే ఉంది. అక్కడ ‘ఆటో’ అనే మాటకు ‘ట్రూ’ అని విలువ ఇస్తే, ఇన్‌స్టాలర్ ఆ స్థానిక ప్రశ్నలను ఆపి ఉంచి, నెట్‌వర్కు నుంచి ఫైలు వచ్చాకనే వాటిని తేలుస్తుంది. లేదా ఆ ఒక్క జవాబును ఫైలులో కాకుండా బూట్ పంక్తిలోనే ‘కీమ్యాప్’ అనే పేరుతో ఇచ్చేయవచ్చు. ప్రీసీడ్ ఫైలును ఇన్‌స్టాలర్‌లోని ఇనిట్ఆర్‌డీలోనే (బూట్ అవుతూనే జ్ఞాపకంలోకి ఎక్కే ఫైళ్ల మూటలోనే) కూర్చే పద్ధతిలో ఈ చిక్కు రాదు, ఎందుకంటే అక్కడ జవాబుపత్రం మొదటి నుంచీ చేతిలోనే ఉంటుంది.

అయితే ఇక్కడ నా సొంత అభిప్రాయం ఒకటి గట్టిగా చెప్పాలి. మందు తెలిసినా సరే, ఇన్‌స్టాలర్‌కు తెలుగు కీబోర్డు అని చెప్పకండి. ఇన్‌స్టాలర్‌కు యూఎస్ అని చెప్పి, తెలుగును ఆ తరువాత చేర్చడమే క్షేమం. ఇన్‌స్టాలేషను నాటికి మనం కీబోర్డుతో కొట్టేవి వాడుకరి పేరు, కంప్యూటరు పేరు, పాస్‌వర్డు. ఈ మూడింటిలో ఏదీ తెలుగులో ఉండదు, ఉండనక్కరలేదు. పైగా లైనక్స్ నల్లతెరకు తెలుగు చూపించే శక్తి లేదు. ఆ తెర ఒకసారికి 256 లేదా 512 ఆకారాలను మాత్రమే పెట్టుకోగలదు. వత్తును హల్లు కిందకు చేర్చడం, గుణింతాన్ని తలకట్టు స్థానంలో కూర్చడం దానికి రావు. ఏదైనా చెడిపోయినప్పుడు మనం చేరుకొనేది ఆ నల్లతెర దగ్గరికే. అక్కడ తెలుగు అమరిక ఉండడం చీకటిలో తాళంచెవి పోగొట్టుకోవడం వంటిది. మాతృభాష మీద అభిమానంతోనే అందరూ ఈ పొరపాటు చేస్తారు. ఒకప్పుడు నేనూ చేశాను.

ఇప్పుడు ఆ ఫైలు. అందులో మనకు కావలసిన పంక్తులు నాలుగు (ఎక్స్‌కేబీ అంటే లైనక్స్‌లో కీబోర్డు అమరికలను నడిపే వ్యవస్థ): ఎక్స్‌కేబీ మోడల్, ఎక్స్‌కేబీ లేఅవుట్, ఎక్స్‌కేబీ వేరియంట్, ఎక్స్‌కేబీ ఆప్షన్స్. ఫైలులో ఈ పేర్లు అన్నీ పెద్ద అక్షరాలలో, మధ్యలో ఖాళీ లేకుండా కలిసి ఉంటాయి. మోడల్ దగ్గర పీసీ105 అని ఉంటే అలాగే వదిలేయండి. మన దుకాణాల్లో దొరికే మామూలు కీబోర్డులకు అది సరిపోతుంది. లేఅవుట్ దగ్గర కొటేషను గుర్తుల మధ్య యూఎస్, కామా, ఇన్ అని రాయండి. కామా పక్కన ఖాళీ విడవకూడదు. మీ నాలుగో కంప్యూటరు కథంతా ఆ కిందనున్న వేరియంట్ పంక్తిలోనే జరిగి ఉంటుందని నా అనుమానం.

వేరియంట్ పంక్తిలోని మాటలు లేఅవుట్ పంక్తిలోని మాటలకు వరుస క్రమంలో జతపడతాయి. పంక్తి భోజనంలో విస్తళ్ల వంటివి అనుకోండి: మొదటి విస్తరి మొదటి మనిషిది, రెండోది రెండో మనిషిది. మొదటివాడు ఏమీ తిననన్నా అతని విస్తరి అక్కడ ఉండాలి, లేకపోతే రెండోవాడికి వడ్డించినది మొదటివాడి ముందుకు పోతుంది. మీరు లేఅవుట్‌లో రెండు పేర్లు రాసి, వేరియంట్‌లో టెల్ అని మాత్రమే రాశారంటే, ఆ టెల్ తెలుగుకు కాక ఇంగ్లీషుకు అంటుకుంది. యూఎస్ లేఅవుట్‌లో టెల్ అనే వేరియంటు లేదు కనుక ఆ జత సిద్ధం కాదు, వ్యవస్థ మౌనంగా మామూలు ఇంగ్లీషుకు జారిపోతుంది. కాబట్టి వేరియంట్ దగ్గర కొటేషను గుర్తు తెరిచిన వెంటనే ముందు ఒక కామా పెట్టి, ఆ తరువాత టెల్ అని రాయాలి. ఆ కామాకు ముందున్న ఖాళీయే ఇంగ్లీషు విస్తరి. చూడడానికి అచ్చుతప్పులా ఉంటుంది, సరిచేస్తున్నాననుకొని ఎవరో ఒకరు దానిని తీసేస్తారు. అందుకని మీ అబ్బాయికి కూడా ఈ ఒక్క మాట చెప్పి ఉంచండి.

ఆప్షన్స్ పంక్తిలో ఒక భాష నుంచి మరో భాషకు మారే మీటల జతను చెప్పాలి. ‘జీఆర్‌పీ’ అని రాసి, రెండు చుక్కల గుర్తు పెట్టి, ఆల్ట్, షిఫ్ట్, టాగుల్ అనే మూడు మాటలను కింద గీతలతో కలిపి రాస్తే, ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కినప్పుడల్లా భాష మారుతుంది. ఈ పంక్తిని ఖాళీగా వదిలి రెండు లేఅవుట్లు పెట్టుకుంటే, నల్లతెర మీద రెండోదానికి వెళ్లే దారే ఉండదు. ‘ఇన్’ కింద తెలుగుకు మరో రెండు వేరియంట్లు కూడా ఉన్నాయి. టెల్ తరువాత అడ్డగీత పెట్టి కగప అని రాస్తే ఉచ్చారణను అనుసరించే అమరిక వస్తుంది, సరళ అని రాస్తే సరళ అమరిక వస్తుంది. పిల్లలకు మొదటి నుంచీ నేర్పుతున్నారు గనుక వారికి ఇన్‌స్క్రిప్టే మేలని నా సలహా. 1991 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 13194లో చోటు చేసుకున్న అమరిక అది. అందులో క ఏ మీట మీద ఉందో కన్నడంలో, హిందీలో, తమిళంలో కూడా క అదే మీట మీద ఉంటుంది. ఒకసారి వేళ్లకు పట్టుబడితే మరో భారతీయ భాష కొట్టడానికి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కరలేదు.

ఫైలును రాసి భద్రపరిచాక డీపీకేజీ-రీకాన్ఫిగర్ అనే ఆదేశానికి కీబోర్డ్-కాన్ఫిగరేషన్ అనే ప్యాకేజీ పేరు ఇచ్చి నడిపి, చూపించిన జవాబులు మీరు రాసినవేనని సరిచూసుకొని, కంప్యూటరును ఒకసారి రీబూట్ చేయండి. రీబూట్ లేకుండా అమలు చేసే మార్గాలు ఉన్నాయి గానీ, దుకాణంలో అవి వెతకడం కంటే రీబూటే త్వరగా అవుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొందరు ఈ ప్యాకేజీ జవాబులను డెబ్‌కాన్ఫ్ అనే జవాబుల చిట్టాలోకి ఎక్కించి, ప్రశ్నలు అడగని పద్ధతిలో రీకాన్ఫిగర్ చేసి, ఏమీ మారలేదేమిటని తల పట్టుకుంటారు. ఈ ప్యాకేజీ ఈటీసీలోని ఫైలును చదివి, అందులో ఉన్నదానినే సత్యంగా తీసుకొని, చిట్టాలోని జవాబులను దాని ప్రకారం తిరగరాస్తుంది. కాబట్టి ఇన్‌స్టాలేషను పూర్తయిన కంప్యూటరులో ఫైలును మార్చడమే సూటి మార్గం. ఫలితం చూసుకోవడానికి లోకేల్‌సీటీఎల్ స్టేటస్ అనే ఆదేశం చాలు. లేఅవుట్, వేరియంట్, ఆప్షన్స్ మూడింటినీ అది వరుసగా చూపిస్తుంది.

మీరు రోజూ వాడే కంప్యూటరులో మీ అబ్బాయి చేసినది సరైనదే. ఫైలు సరిగ్గా ఉన్నందువల్లనే లాగిన్ తెరమీద రెండు భాషలూ కనిపిస్తున్నాయి. మూసి ఉన్నది మీ తూము. ఫైలు ఇంగ్లీషుగా ఉన్న రోజుల్లోనే మీరు లోపలికి వెళ్లారు, గ్నోమ్ ఆ రోజు చూసినదానిని మీ పేరు మీద రాసుకుంది. సెట్టింగ్స్‌లో కీబోర్డ్ అనే పేజీ తెరిచి, ఇన్‌పుట్ సోర్సెస్ కింద ప్లస్ గుర్తు నొక్కి, తెలుగు ఎంచుకుంటే సరిపోతుంది. కొత్త సోర్సు జాబితాలో రెండో స్థానంలోనే ఉండనివ్వండి. గ్నోమ్‌లో భాష మారడానికి మామూలుగా విండోస్ గుర్తున్న మీటను, స్పేస్‌బార్‌ను కలిపి నొక్కాలి. ఫైలులో ఆల్ట్, షిఫ్ట్ అని రాసినా ఇప్పటికే సొంత చిట్టా ఉన్న వాడుకరికి అది వర్తించకపోవచ్చని గుర్తుంచుకోండి. జీసెట్టింగ్స్ అనే ఆదేశంతో చేయదలిస్తే, ఆర్గ్, గ్నోమ్, డెస్క్‌టాప్, ఇన్‌పుట్-సోర్సెస్ అనే వరుసలో ఉన్న సోర్సెస్ అనే తాళానికి ఎక్స్‌కేబీ-యూఎస్, ఎక్స్‌కేబీ-ఇన్+టెల్ అనే రెండు జతలను ఇవ్వాలి. లేఅవుట్‌కూ వేరియంట్‌కూ మధ్య ఇక్కడ కామా కాక ప్లస్ గుర్తు వస్తుంది.

వెనక గదిలో పిల్లలు మారుతూ ఉంటారు, కొత్త ఖాతాలు తెరుస్తూ ఉంటారు గనుక, ఒక్కొక్కరి తూమునూ మీరు తెరవనక్కరలేదు. ఈటీసీలోని డీకాన్ఫ్ డైరెక్టరీలో ప్రొఫైల్ అనే ఫోల్డరులో యూజర్ అనే ఫైలును తయారుచేసి, మొదటి పంక్తిలో వాడుకరి సొంత చిట్టాను, రెండో పంక్తిలో లోకల్ అనే ఉమ్మడి చిట్టాను పేర్కొని, ఆ ఉమ్మడి చిట్టాకు సంబంధించిన ఫోల్డరులో పైన చెప్పిన రెండు జతలనూ ఒకసారి రాసి, డీకాన్ఫ్ అప్‌డేట్ అనే ఆదేశం నడపండి. సొంతంగా ఏదీ ఎంచుకోని ప్రతి వాడుకరికీ అప్పటి నుంచి అదే వర్తిస్తుంది. ఇప్పటికే చిట్టా రాసుకున్న పాత ఖాతాలకు మాత్రం ఆ సోర్సెస్ తాళాన్ని జీసెట్టింగ్స్ రీసెట్‌తో ఒకసారి తుడిచేయాలి.

మీ ఆపరేటరు సంగతి వేరే తీరులో ఆలోచించాలి. యాపిల్ అమరిక చేతికి పట్టినవారిని ఇన్‌స్క్రిప్ట్ మీద కూర్చోబెడితే పెళ్లిళ్ల కాలంలో శుభలేఖలు ఆలస్యమవుతాయి తప్ప వారికి గానీ మీకు గానీ ఒరిగేది లేదు. ఎక్స్‌కేబీలో యాపిల్ తెలుగు లేదు. ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతనలతో పాటు యాపిల్ అనే పద్ధతి కూడా ఇన్‌పుట్ సోర్సెస్ జాబితాలో చేరుతుంది. పేరు ఒకటే అయినా ప్రతి మీటా, ప్రతి సంయుక్తాక్షరమూ ‘అను’లోలాగే పలకాలన్న నియమం లేదు. కనుక ఆపరేటరును కూర్చోబెట్టి, వత్తులు ఎక్కువగా ఉన్న పేజీ ఒకటి, ఒక శుభలేఖ గానీ ఒక నోటీసు గానీ, కొట్టించి చూడండి. తేడా వచ్చిన మీటలను కాగితం మీద రాసుకోమనండి. ఐబస్ పద్ధతి కింద ఎప్పుడూ యూఎస్ అమరికే ఉండాలి. ఇంగ్లీషు అక్షరం వస్తుందని ఎదురుచూసే ఐబస్‌కు కింది నుంచి ముందే తెలుగు అక్షరం వచ్చి పడితే దానికి ఏమి చేయాలో తోచదు. ఆ ఒక్క కంప్యూటరులో ఎక్స్‌కేబీ తెలుగును తీసేసి, యూఎస్, ఐబస్ యాపిల్ రెండే ఉంచండి.

ఈ సందర్భంలో ఇంకొక మాట కూడా చెప్పవలసి ఉంది. ‘అను’ ఖతులతో కూర్చిన పాత ఫైళ్లు యూనికోడ్ కావు. వాటిలో నిజంగా నిల్వ ఉన్నవి ఇంగ్లీషు సంకేతాలే, ఖతి వాటిని తెలుగు బొమ్మలుగా చూపిస్తుంది. డెబియన్‌లో ఆ ఫైలు తెరిచినప్పుడు అర్థంకాని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తే అది కీబోర్డు దోషం కాదు, దానికోసం ఈటీసీలోని ఫైలును మళ్లీ తవ్వకండి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు వేరే ఉన్నాయి. అదేవిధంగా తెలుగు కొడుతుంటే డబ్బాలు పడుతున్నాయంటే లేనిది అమరిక కాదు, ఖతి. ఫాంట్స్-తెలు అనే ప్యాకేజీ వేస్తే తీరిపోతుంది, పోతన2000, వేమన2000 కావాలంటే ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా వేసుకోండి.

మరోసారి ఇన్‌స్టాల్ చేసే అవసరం వచ్చినప్పుడు మీ ప్రీసీడ్ ఫైలులో మార్చుకోవలసినవి కొద్దిగానే ఉన్నాయి. కీమ్యాప్ దగ్గర యూఎస్ అని రాయండి. అదనపు ప్యాకేజీల పంక్తిలో ఐబస్-ఎం17ఎన్, ఫాంట్స్-తెలు, ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్-సర్వర్ చేర్చండి. పైన చెప్పిన నాలుగు పంక్తుల కీబోర్డ్ ఫైలును సిద్ధం చేసి, ప్రీసీడ్ ఫైలు పక్కనే ఉంచి, ఇన్‌స్టాలేషను చివరలో నడిచే లేట్-కమాండ్ ద్వారా దానిని తెప్పించి కొత్త వ్యవస్థలో పెట్టించండి. ఆ క్షణంలో కొత్త వ్యవస్థ టార్గెట్ అనే డైరెక్టరీ కింద ఉంటుంది. దారిలో టార్గెట్ అనే మాట మరిచిపోతే, లేదా కొత్త వ్యవస్థ లోపల నడవవలసిన ఆదేశానికి ముందు ఇన్-టార్గెట్ అని పెట్టకపోతే, మీ ఫైలు ఇన్‌స్టాలర్ తాత్కాలిక జ్ఞాపకంలోకి వెళ్లి, రీబూట్‌తో పాటే మాయమవుతుంది. నాకు ఒక సాయంత్రమంతా దీని పుణ్యమానే గడిచింది. ఎక్కడా తప్పు చూపించదు, పని జరిగినట్టే ఉంటుంది, ఫలితం మాత్రం ఉండదు. ఇంకొక జాగ్రత్త ఏమిటంటే, ప్రింటరు కోసమో మరొకదాని కోసమో లేట్-కమాండ్ పంక్తి మీ ఫైలులో ఇప్పటికే ఉంటే రెండో పంక్తి రాయకండి. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు ఉంటే చివరిదే నిలుస్తుంది, మొదటిది పోతుంది. రెండు పనులనూ ఒకే పంక్తిలో సెమీకోలన్‌తో కలపాలి. పక్క దుకాణంవారు ఉబుంటు వాడుతున్నట్లయితే వారి ఆటోఇన్‌స్టాల్ ఫైలులో కీబోర్డ్ అనే శీర్షిక కింద లేఅవుట్, వేరియంట్, టాగుల్ అని మూడు పంక్తులుంటాయి, అక్కడ కూడా యూఎస్ అనే రాసి మిగిలినది లేట్-కమాండ్స్‌కు వదలమనండి.

బిల్లులు కొట్టే కంప్యూటరులో రూపాయి గుర్తు కావాలంటే, యూఎస్ బదులు ‘ఇన్’ కిందనే ఉన్న ‘ఇంగ్’ అనే వేరియంటును వాడుకోవచ్చు. మీటలన్నీ అమెరికన్ ఇంగ్లీషులాగే ఉంటాయి, కుడి ఆల్ట్ పట్టుకొని 4 నొక్కితే రూపాయి గుర్తు పడుతుంది. అప్పుడు లేఅవుట్ పంక్తిలో ఇన్ అని రెండుసార్లు వస్తుంది, వేరియంట్ పంక్తిలో ముందు ఇంగ్, తరువాత టెల్ ఉంటాయి.

ఏ కంప్యూటరులోనైనా డిస్కుకు ఎన్‌క్రిప్షను పెట్టి ఉంటే, బూట్ కాకముందే పాస్‌వర్డు అడిగే ఆ తెర ఈటీసీలోని ఫైలును నేరుగా చూడదు, దాని నకలును ఇనిట్ఆర్ఏఎంఎఫ్ఎస్ అనే బూట్ ఫైళ్ల మూట లోపల పెట్టుకొని ఉంటుంది. కీబోర్డ్ ఫైలు మార్చిన ప్రతిసారీ అప్‌డేట్-ఇనిట్ఆర్ఏఎంఎఫ్ఎస్ ఆదేశాన్ని ముందు అడ్డగీత ఉన్న ‘యు’ అనే గుర్తుతో నడిపి ఆ నకలును కూడా మార్చండి. ఎన్‌క్రిప్షను పాస్‌వర్డులో గుర్తులేవీ లేకుండా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు మాత్రమే వాడడం ఇంకా మంచిది.

ఇవన్నీ ముందు ఒక్క కంప్యూటరులో చేసి, నల్లతెర, లాగిన్ తెర, పాత ఖాతా, కొత్తగా తెరిచిన ఖాతా అనే నాలుగుచోట్లా సరిచూసుకొని, తరువాతనే మిగిలిన 13 కంప్యూటర్లకు ఎస్ఎస్‌హెచ్ ద్వారా అదే ఫైలును పంపండి. ఒకే ఒక్క యంత్రంలో భాష దానంతట అదే మారిపోతూ ఉంటే సెట్టింగులను వదిలి, కీబోర్డును తిప్పి దులిపి చూడండి. వానాకాలపు తేమకు ఆల్ట్ మీటో షిఫ్ట్ మీటో దిగిన చోటనే అంటుకుపోయి ఉండవచ్చు, వేరే కీబోర్డు తగిలించి చూస్తే తేలిపోతుంది. అప్పటికీ ఏదైనా కంప్యూటరు మొండికేస్తే, లోకేల్‌సీటీఎల్ స్టేటస్ చూపించిన పంక్తులనూ కీబోర్డ్ ఫైలులోని నాలుగు పంక్తులనూ కామాలతో సహా ఉన్నవి ఉన్నట్టుగా రాసి పంపండి. పాస్‌వర్డు మాత్రం రాయకండి.